నీళ్లు తాగమన్నారు

ఆ సందులో ఆ పిల్లని ఎవరూ పేరు పెట్టి పిలవరు, లాయరమ్మ అంటారు. చదివేది లాయరు చదువు కాదు, సమాజసేవలో డిగ్రీ. అయినా కొట్టువాడు తూకంలో మోసం చేసినా, బస్సువాడు ఆపాల్సిన చోట ఆపకపోయినా ఆ పిల్ల నోరు ఊరుకోదు. చిన్నప్పుడే తల్లి పోతే పిన్ని తెచ్చుకుని పెంచింది. పిన్నికి ఆ నోరంటే భయమూ ఉంది, లోపల్లోపల గర్వమూ ఉంది. "నీ నోటికి తాళం వేసేవాడు ఇంకా పుట్టలేదే" అంటూ ఉంటుంది.

అలాంటి లాయరమ్మ ఆ రోజు సందు చివరి హాల్లో గోడకి చార్టు తగిలించి, చేత్తో బెత్తం పట్టుకుని, తన పిన్నికే పాఠం చెప్పింది.

వాళ్ల కాలేజీలో ఆఖరి ఏడు పిల్లలకి పుస్తకాల చదువొక్కటే చాలదు. జట్లు జట్లుగా ఒక పేటకి వెళ్లాలి, ఇల్లిల్లూ తిరిగి అక్కడి కష్టమేమిటో తెలుసుకోవాలి, దానికి తగ్గ సేవ చెయ్యాలి, చివర్న నివేదిక రాయాలి. దానికి మార్కులుంటాయి. లాయరమ్మ జట్టుకి వాళ్ల సందే వచ్చింది. తిరిగి చూస్తే తేలిందేమిటంటే, సందులో పనికి వెళ్లే ఆడవాళ్లలో చాలామందికి మూత్రంలో మంట, నడుం నొప్పి, ఉండుండి చలిజ్వరం. అడిగితే ప్రతి మనిషీ చెప్పింది ఒకటే. పగలు నీళ్లు తాగరట.

ఎందుకు తాగరు అన్న ప్రశ్న మాత్రం కాలేజీవాళ్లిచ్చిన ప్రశ్నల్లో లేదు. సేవా విభాగం చూసే మేడం ఆ లెక్కలన్నీ తిరగేసి, పెన్ను మూత తీసి, కారణం అన్న చోట తనే రాసేసింది: అవగాహన లోపం.

ఈ మాట ఎవరు కనిపెట్టారో గాని, చదువుకున్నవాళ్లకి ఇంతకన్నా సుఖమైన మాట ఇంకోటి లేదు. ఎదుటివాళ్ల ప్రతి కష్టానికీ ఇదొక్కటి అంటించేస్తే సరి, మన చేతికి మట్టి అంటదు. లాయరమ్మ కూడా ఆ మాటని నమ్మింది. మేడం అంటే ఆ పిల్లకి గురి. సామాజిక న్యాయం గురించి మేడం క్లాసులో చెబుతుంటే బల్ల మీద గుద్ది లేవాలనిపించేది.

"నీళ్లు తక్కువ తాగితే కిడ్నీలకి పని ఎక్కువవుతుంది. దాహం వేసేదాకా ఆగకూడదు. పనిలో ఉన్నా సరే, మధ్యమధ్యలో తాగుతూనే ఉండాలి" అని లాయరమ్మ చార్టు మీద బెత్తం పెట్టి చెబుతోంది.

ముందు వరసలో పిన్ని తల దించుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని కంగారుపడి చూస్తే, నవ్వుతోంది. పక్కన మైకక్క కూర్చుంది. ఆవిడ మామూలుగా మాట్లాడినా నాలుగిళ్ల అవతలికి వినిపిస్తుంది, అందుకని ఆ పేరు. ఆవిడ చెయ్యెత్తింది.

"అది సరేనమ్మా, తాగాక ఏం చెయ్యాలో కూడా చెప్పు మరి!"

హాలంతా ఒక్కసారి గొల్లుమంది. కళ్ల నీళ్లొచ్చేలా నవ్వారు ఆడవాళ్లు. లాయరమ్మకి నవ్వెందుకో అర్థం కాలేదు. మేడం కూడా వాళ్లతో పాటు నవ్వేసి, "తాగాక ఆరోగ్యంగా ఉండాలి!" అంది. అందరికీ తలొక నీలం సీసా పంచింది. సీసా మీద కాలేజీ ముద్ర, దాని కింద 'నీళ్లే ఆరోగ్యం' అన్న అక్షరాలు. జట్టులో ఒక కుర్రాడికి కెమెరా తప్ప వేరే లోకం లేదు, వాడి పేరే ఫోటో. వాడు ప్రతి సీసానీ, ప్రతి నవ్వునీ పట్టేశాడు.

పిన్నితో సహా ఆ ఆడవాళ్లలో సగం మంది ఆ కాలేజీలోనే పనిచేస్తారు, రోజూ మేడం గది ఊడ్చేది కూడా వాళ్లే. మేడం ఒక్కరినీ గుర్తుపట్టలేదు. యూనిఫాం, నెత్తిన టోపీ, మొహానికి గుడ్డ, చేతిలో తుడుపుకర్ర. ఇవన్నీ తీసేస్తే వాళ్లు ఆవిడకి కొత్త మనుషులే. ఎప్పుడైనా మొహం చూసి మాట్లాడితే కదా గుర్తుండటానికి!

ఇంటికొస్తూ లాయరమ్మ పిన్నిని నిలదీసింది. "ఎందుకు నవ్వావు? పదిమందిలో నా పరువు తీశావు."

"నీ చేతిలో ఆ కర్ర చూస్తే మా స్కూలు పంతులు గుర్తొచ్చాడే" అని పిన్ని మాట దాటేసింది.

ఆ మర్నాటి నుంచి లాయరమ్మ పట్టుదలగా సీసా నిండా నీళ్లు పోసి పిన్ని సంచిలో పెట్టేది. తెల్లారకముందే పిన్ని వెళ్లిపోయేది. సాయంత్రం సంచి తీసి చూస్తే సీసా పెట్టింది పెట్టినట్టే ఉండేది, నిండుగా, మూత కూడా తియ్యకుండా. ఇంటి గుమ్మంలో చెప్పులు విడిచీ విడవకుండానే పిన్ని ఆ సీసా ఎత్తి గడగడా తాగేది. నీళ్లు గడ్డం మీదుగా మెడ మీదికి కారిపోతున్నా ఆపేది కాదు.

"ఇదేదో అక్కడే తాగొచ్చుగా! ఇంత చెప్పినా చెవికెక్కదా నీకు?" అని కసిరేది లాయరమ్మ.

"పనిలో పడి మర్చిపోయానే" అనేది పిన్ని.

అలా మర్చిపోతూ మర్చిపోతూ ఒక రోజు పిన్ని పని నుంచి వణుకుతూ వచ్చింది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. నడుం పట్టుకుని నేల మీద ముడుచుకుపోయింది. మైకక్క సాయం పట్టింది, ఇద్దరూ కలిసి ఆసుపత్రికి చేర్చారు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు కాగితాలు చూసి మొహం చిట్లించాడు.

"ఒక కిడ్నీ ఇప్పటికే దెబ్బతింది. ఇలాగే సాగితే అది పోతుంది. రెండోదానికీ గ్యారంటీ లేదు. మందులు వాడితే చాలదు, నీళ్లు తాగాలి, ఎప్పటికప్పుడు బాత్రూముకి వెళ్లాలి. మీరు పనిచేసే చోట బాత్రూములు లేవా?"

"బాత్రూములకేం లోటు డాక్టరుగారూ" అంది పిన్ని, మంచం మీద నుంచే, ఆ జ్వరంలో కూడా నవ్వు ఆపుకోలేక. "పొద్దస్తమానం వాటిలోనే ఉంటాను. కడిగేదాన్ని నేనేగా."

డాక్టరుకి అర్థం కాలేదు. లాయరమ్మ మాత్రం ఆ మాట వదల్లేదు. బయటికొచ్చాక మైకక్కని పట్టుకుంది. మైకక్క జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించి చెప్పింది.

కాలేజీలో పనివాళ్లు ఏ అంతస్తులోనూ బాత్రూము వాడకూడదు. కడగొచ్చు, తుడవొచ్చు, అద్దాలు మెరిపించొచ్చు, సబ్బు నింపొచ్చు. వాడకూడదు. ఎప్పుడో ఒక విద్యార్థిని తల్లి వచ్చి, మా అమ్మాయి వెళ్లే చోటికి పనివాళ్లు కూడా వెళ్తున్నారని పితూరీ చేసిందట. ఆ రోజు నుంచి ఇదే రూలు. దీన్ని కాపలా కాసేవాడు సూపర్‌వైజరు. నడుముకి ఎప్పుడూ తాళాల గుత్తి వేలాడుతుంది కనక ఆడవాళ్లు వాడికి గుత్తి అనే పేరు పెట్టారు. ఎవరైనా లోపల ఎక్కువసేపుంటే గుత్తి తలుపు దగ్గర నిలబడి దగ్గుతాడు. పట్టుబడితే ఆ రోజు కూలి పోయినట్టే, రెండోసారి పట్టుబడితే పనే పోయినట్టు. పనివాళ్లకని కార్ల షెడ్డు వెనక ఒక గది ఉండేదట. దానికి ఏళ్ల క్రితమే తాళం పడింది, ఎందుకో ఎవరికీ తెలియదు.

"అందుకే ఎవరమూ నీళ్లు ముట్టుకోం తల్లీ. తాగితేనేగా తంటా" అంది మైకక్క. "నువ్వు అంత కష్టపడి చెప్పావు గాని, మాకు తెలియక కాదు."

లాయరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. హాల్లో వాళ్ల నవ్వు మళ్లీ చెవుల్లో మోగింది. సీసా పెట్టింది పెట్టినట్టు తిరిగొచ్చిన ప్రతి సాయంత్రమూ గుర్తొచ్చింది. పొద్దున్నే ఆ బరువు సంచిలో మోసుకెళ్లి, గొంతెండిపోతున్నా మూత తియ్యకుండా, ఆ సీసా నిండుగా ఇంటికి తెచ్చి, పైగా మర్చిపోయానని అబద్ధమాడింది పిన్ని. ఎవరి కోసం? తనకి కాలేజీ అన్నా, చదువన్నా ఉన్న ఆ గురి పోకుండా ఉండటం కోసం.

మర్నాడు పొద్దున్నే మేడం గది తలుపు తోసింది. అంతా చెప్పింది. మేడం కళ్లు పెద్దవి చేసుకుని విన్నది, మధ్యలో "అయ్యయ్యో" అన్నది, ఒకటి రెండుసార్లు తల కూడా పట్టుకుంది. అంతా విన్నాక కుర్చీలో వెనక్కి వాలింది.

"చాలా బాధాకరం. కానీ చూడమ్మా, అది కాంట్రాక్టరు విషయం. మనం కలగజేసుకోకూడదు."

"మన కాలేజీలోనే మేడం. మన బాత్రూములే."

"అదే చెబుతున్నా. సేవ అంటే గేటు బయట చేసేది. గేటు లోపలిది పరిపాలన. రెండూ కలపకూడదు. నీ నివేదిక చాలా బాగా వచ్చింది, ఈసారి సేవా దినోత్సవంలో బహుమతి మన జట్టుకే. ఇప్పుడు దాన్ని పాడుచేసుకోకు." ఆగి, మెత్తగా అన్నది, "పనివాళ్ల పిల్లలకి ఇచ్చే రాయితీ మీదే కదూ నువ్వు చదువుతున్నది? మీ పిన్ని ఉద్యోగం సంగతి కూడా ఆలోచించుకో."

అదే గదిలో గోడ మీద 'న్యాయం ఇంటి నుంచే మొదలు' అని పెద్ద అక్షరాలతో పటం కట్టి ఉంది. లాయరమ్మ దాన్ని చూసింది, మేడాన్ని చూసింది. ఒళ్లు మండిపోయింది. నోటి దాకా వచ్చిన మాటని పళ్ల మధ్య పట్టి ఉంచింది, పిన్ని గుర్తొచ్చి.

"సరే, వెళ్తూ వెళ్తూ మన స్టోరు నుంచి పాత బ్యానర్లు తెచ్చిపెట్టు. ఫోటో ఇవాళ రాలేదు" అంటూ మేడం సొరుగు లాగి ఒక తాళంచెవి బల్ల మీద పెట్టింది. "కార్ల షెడ్డు వెనకాల."

తాళంచెవి అందుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.

షెడ్డు వెనక సన్నటి దారి, గోడకి ఆనుకుని చిన్న గది. తాళం తీసి తలుపు తోస్తే పైదాకా పెట్టెలు. సేవా విభాగం బ్యానర్లు, చార్టులు, పంచగా మిగిలిన నీలం సీసాల అట్టపెట్టెలు. మొక్కలు నాటిన ఏడు, గోడలకి రంగులేసిన ఏడు, చేతులు కడుక్కోవడం నేర్పిన ఏడు, అన్ని ఏళ్ల సేవా అక్కడే దుమ్ము కొట్టుకుని ఉంది. లాయరమ్మ ఒక పెట్టె పక్కకి జరిపింది. ఇంకోటి జరిపింది. దాని కింద పింగాణీ మెరిసింది. పెట్టెలు పేర్చింది మరుగుదొడ్డి మీద. గోడకి కుళాయి ఉంది. తలుపుకి లోపల గడియ కూడా ఉంది.

పనివాళ్ల దొడ్డిని గుత్తి మూయించలేదు, కాంట్రాక్టరు మూయించలేదు. సేవకి చోటు చాలక సేవా విభాగమే పట్టుకుపోయింది. నీళ్లు తాగండని చెప్పే సీసాలు దాచుకోవడానికి వాళ్లకి దొరికిన చోటు ఇదీ! లాయరమ్మ ఆ పెట్టెల మధ్య నిలబడి ఒక అట్టపెట్టెని కాలితో ఫెడీమని తన్నింది. లోపల సీసాలు గలగలమన్నాయి. కోపానికి ఏడుపు తోడయింది. బ్యానర్లు తీసుకెళ్లి మేడం బల్ల మీద పడేసింది. తాళంచెవి మాత్రం పడేయలేదు. మేడం అడగనూ లేదు.

ఆ సాయంత్రం ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన పిన్నికి ఆ గది సంగతంతా చెప్పి లాయరమ్మ విరుచుకుపడింది. ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్తానంది, పేపర్లకెక్కిస్తానంది, గేటు దగ్గర కూర్చుంటానంది. పిన్ని మంచం మీద నుంచి లేచి ఆ పిల్ల నోరు చేత్తో మూసింది. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది.

"నోటి దగ్గర కూడు తియ్యకే తల్లీ. నా ఒక్కదానిది కాదు, ఆ మైకక్కకి ముగ్గురు పిల్లలు. నీ చదువు ఇంకెంతని? అయ్యేదాకా ఎలాగో బిగబట్టుకుంటాను."

"ఏం బిగబడతావు? కిడ్నీ పోతుందన్నాడు డాక్టరు!"

"ఇన్నేళ్లూ బిగబట్టే కదే నిన్ను చదివించాను" అంది పిన్ని, చాలా మామూలుగా, బియ్యం ఎసట్లో పోశాను అన్నట్టు.

ఎప్పుడూ ఎవరికీ బాకీ పడని ఆ నోటితోనే ఆ రాత్రి పిన్ని ఒట్టు వేయించుకుంది, "నువ్వు మాత్రం నోరు విప్పకూడదు" అని. లాయరమ్మ వేసింది. జ్వరం తగ్గీ తగ్గగానే పిన్ని మళ్లీ సంచి తగిలించుకుని పనికి వెళ్లింది. నిండు సీసా వెళ్లింది, నిండు సీసా వచ్చింది.

సేవా దినోత్సవం సెలవు రోజున పెట్టారు. పనివాళ్లకి మాత్రం సెలవు లేదు, కుర్చీలు వెయ్యాలిగా. మేడం హడావిడిగా వచ్చి లాయరమ్మని పట్టుకుంది.

"మీ పేట ఆడవాళ్లని స్టేజీ మీద కూర్చోబెట్టాలి. ఒక పదిమందిని పిలుచుకురా. సీసాలు మర్చిపోకుండా తెమ్మను."

"ఇక్కడే ఉన్నారు మేడం" అంది లాయరమ్మ. అటు కుర్చీలు తుడుస్తున్న పిన్నినీ, మైకక్కనీ, మిగతావాళ్లనీ చూపించింది.

మేడం ఒక్క క్షణం తేరిపార చూసింది. ఇప్పుడైనా ఏదైనా గుచ్చుకుంటుందేమోనని లాయరమ్మ ఎదురుచూసింది.

"ఓ, వీళ్లేనా! మరీ మంచిది, బస్సు ఖర్చు లేదు. యూనిఫాం విప్పేసి మంచి బట్టల్లో వచ్చి కూర్చోమను."

అలా, పొద్దున కుర్చీలు మోసినవాళ్లే పది గంటలకి ఆ కుర్చీల్లో కూర్చున్నారు, ఒళ్లో నీలం సీసాలతో. ముఖ్య అతిథి రిటైరైన జడ్జిగారు, చెవి కాస్త మందగించిన పెద్దావిడ. మేడం మైకు అందుకుంది. పేటలో వెలుగు నింపామంది, అజ్ఞానపు చీకటి తొలగించామంది. ఆఖర్న, "ఇప్పుడు మా అక్కచెల్లెళ్లంతా ఒక్కసారిగా నీళ్లు తాగి చూపిస్తారు" అంది.

ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. గుత్తి హాలు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఇంతమందిలో వద్దనడానికి నోరు రాలేదు, తాగారు. ఫోటో కింద నుంచి చెయ్యెత్తాడు. "అందరూ ఒకేసారి ఎత్తలేదు మేడం! ఇంకోసారి!" మళ్లీ తాగారు. ఈసారి వెలుతురు సరిపోలేదు. మళ్లీ తాగారు. సీసాలు ఖాళీ అయిపోతే కుర్రాళ్లు పరుగెత్తుకెళ్లి నింపుకొచ్చారు.

ఆ తరవాత ఉపన్యాసాలు మొదలయ్యాయి. ప్రిన్సిపాల్ మాట్లాడాడు, ఆయన తరవాత ఆయన మిత్రుడు, ఆ తరవాత మిత్రుడి మిత్రుడు. స్టేజీ మీద ఆడవాళ్లు కాళ్లు దగ్గరికి ముడుచుకోవడం, కుర్చీల్లో అటూ ఇటూ కదలడం లాయరమ్మ కింద నుంచి చూస్తూనే ఉంది. పిన్ని మొహం పాలిపోయింది. రెండు చేతులతో కుర్చీ అంచు పట్టుకుంది. ఇంక ఓర్చుకోలేక మైకక్క లేచింది. ఆవిడ వెనక అందరూ లేచారు.

హాలు పక్కనే ఆడవాళ్ల బాత్రూము. లాయరమ్మ వెళ్లేసరికి గుత్తి తలుపుకి అడ్డంగా చేతులు చాపి ఉన్నాడు.

"ఇవాళ ఇవి అతిథులకి."

"మేమేమిటి మరి? స్టేజీ ఎక్కించారుగా!" అంది మైకక్క.

"ఫోటో అయిపోయిందిగా. యూనిఫాం తగిలించుకుని పనిలోకి నడవండి."

పిన్ని గోడకి ఆనుకుంది. పెదవులు తెల్లగా అయిపోయాయి. కళ్లలోంచి నీళ్లు జారుతున్నాయి, సిగ్గుతో పక్కకి తిరిగింది. అంత పెద్ద మనిషి, సొంత బిడ్డలాంటి పిల్ల ముందు, పది మంది ముందు, బట్టలు తడుపుకునే పరిస్థితి! లాయరమ్మ రక్తం సలసలా కాగింది. నోరు తెరవబోయింది. పిన్ని చెయ్యెత్తి ఆపింది, ఒట్టు గుర్తుచేస్తున్నట్టు.

లాయరమ్మ నోరు విప్పలేదు. పిడికిలి విప్పింది. అందులో షెడ్డు వెనక గది తాళంచెవి ఉంది. పెట్టెల కింద తను చూసింది ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రమే పిన్నికి చెప్పింది గనక, అదేమిటో మళ్లీ చెప్పక్కర్లేదు.

పిన్ని తాళంచెవి చూసింది. గుత్తిని చూసింది. ఇన్నేళ్లూ వాడి దగ్గు వినపడితే గుండెలు చిక్కబట్టుకున్న మనిషి, ఆ తాళంచెవి అందుకుని, "పదండే" అంది.

గది దగ్గరికి నడవలేదు, పరుగెత్తారు. తలుపు తీశారు. ఆ పైన జరిగింది పని అనాలి. ఏళ్ల తరబడి ఆ కాలేజీ అంతా కడిగిన చేతులు కదా! ఒకరు అందుకుంటే ఒకరు విసిరారు. మొక్కల ఏడు వెళ్లి మట్టిలో పడింది, దాని మీద రంగుల ఏడు పడింది. అట్టపెట్టె పగిలి నీలం సీసాలు దారంతా దొర్లాయి. 'సేవే మా ఊపిరి' అన్న పొడుగాటి బ్యానరు ముళ్లకంచె మీద తలకిందులుగా వేలాడింది. కుళాయి తిప్పితే గురగురమని ముందు తుప్పు, తరవాత నీళ్లు వచ్చాయి. మైకక్క చీపురు తిరగేసి నాలుగు రుద్దులు రుద్దింది.

"ముందు నువ్వు వెళ్లు" అని పిన్నిని లోపలికి తోశారు. తలుపు పడింది. గడియ పడ్డ చప్పుడు అందరికీ వినిపించింది.

చప్పుళ్లకి హాల్లో ఉపన్యాసం ఆగిపోయి జనం బయటికొచ్చారు. మేడం ముందుగా ఉరుక్కుంటూ వచ్చింది. "ఏమిటిదంతా? ఎవరు తియ్యమన్నారు? నువ్వేనా?" అంటూ లాయరమ్మ మీదికొచ్చింది. లాయరమ్మ మూసిన తలుపుకి వీపు ఆనించి నిలబడింది. ఇంతలో జడ్జిగారు కర్ర పొడుచుకుంటూ వచ్చి చేరారు. ఆడవాళ్ల వరసనీ, మట్టిలో పడున్న సేవనీ చూశారు.

"ఏమైందమ్మా? ఎందుకిలా నిలబడ్డారు?" అని మైకక్కని అడిగారు.

మైకక్కకి మైకు ఎందుకు! "ఈ కాలేజీ కడిగేవాళ్లమండీ మేం! బాత్రూములు కడగడానికే గాని మాకు వాడటానికి లేవు! మాకున్న ఈ ఒక్కటీ వీళ్ల బ్యానర్లకిచ్చేశారు! ఇవాళ బలవంతాన నీళ్లు తాగించి, పొమ్మంటే ఎక్కడికి పోతాం!"

జడ్జిగారి మందగించిన చెవిలోకి కూడా ప్రతి మాటా దూరింది. ఆవిడ మేడం వైపు తిరిగారు. "ఈ గది ఎవరిది?"

పేటంతటికీ నీళ్లు తాగమని చెప్పిన మేడం ఆ పూట నీళ్లు నమిలింది. "అది... స్థలాభావం వల్ల... తాత్కాలికంగా..." ప్రిన్సిపాల్ ఆకాశంలో ఏదో ముఖ్యమైనది వెతుక్కున్నాడు. ఫోటో కెమెరా ఎత్తాడు. "ఇది తియ్యకు" అంది మేడం. వాడు మొదటిసారి మేడం మాట వినలేదు. మూసిన తలుపూ, దాని ముందు వరసా, కంచె మీది బ్యానరూ, కర్ర మీద ఆనుకున్న జడ్జిగారూ, అంతా ఒకే ఫోటోలో పట్టేశాడు.

గడియ తీసుకుని పిన్ని బయటికొచ్చింది. అంత జనాన్ని చూసి ఒక్క క్షణం బెదిరింది. తరవాత చేతులు కడుక్కుని, కొంగుకి కాకుండా దగ్గరలో పడున్న ఒక బ్యానరుకి తుడుచుకుంది. "తరవాత ఎవరే?" అంది.

వాళ్లని పనిలోంచి పీకెయ్యాలని చూడకపోలేదు. కానీ ఆ ఫోటో ఊరంతా తిరిగింది, జడ్జిగారు రెండు మూడుసార్లు ఫోన్ చేసి అడిగారు. దాంతో వాళ్ల జోలికి వెళ్లే ధైర్యం ఎవరికీ చాలలేదు. గది వాళ్లకే వదిలేశారు, అంతస్తుకొక బాత్రూము కూడా వాడుకోవచ్చన్నారు. తప్పయిందని మాత్రం ఒక్కరూ అనలేదు. పైగా వారం తిరక్కుండా ఆ గది తలుపు మీద కొత్త బోర్డు వెలిసింది: 'శ్రామిక మహిళలకు సేవా విభాగం కానుక'.

కానుకట! వాళ్లది వాళ్ల దగ్గర గుంజుకుని, ఏళ్ల తరబడి తొక్కి పెట్టి, తిరిగిచ్చి, దానికి కానుక అని పేరు! లాయరమ్మ స్టూలు తెచ్చి మరీ ఆ బోర్డు పీకబోయింది. పిన్నే ఆపింది.

"వేలాడనీలేవే. గడియ లోపలుంది, బోర్డు బయటుంది. మనకి కావాల్సింది ఏది?"

లాయరమ్మ బోర్డు వదిలేసింది గాని నివేదిక వదల్లేదు. కారణం అన్న చోట మేడం రాసిన మాట కొట్టేసి, తాళం అని రాసి ఇచ్చింది. మార్చమని మేడం రెండుసార్లు కబురు పెట్టింది. మార్చలేదు. మేడం పాసుకి సరిపడా మార్కులు మాత్రం వేసి చేతులు దులుపుకుంది.

మార్కులొచ్చిన రోజు సాయంత్రం లాయరమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది, కోపంగా. పిన్ని వచ్చింది. చెప్పులు నెమ్మదిగా విడిచింది. సీసా కోసం తడుముకోలేదు, దాహంతో ఒగర్చలేదు. సంచి లాయరమ్మ ఒళ్లో పడేసి లోపలికి వెళ్లిపోయింది. సంచి తేలిగ్గా ఉంది. లాయరమ్మ లోపల చెయ్యి పెట్టి సీసా తీసింది. చుక్క కూడా లేదు.

ఆ ఖాళీ సీసా పట్టుకుని ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. సంతోషమేనా అంటే, సంతోషమే. కానీ ఒక మనిషి పగటిపూట నీళ్లు తాగిందని ఇంత సంతోషపడాల్సి వచ్చినందుకు ఆ పిల్లకి మళ్లీ ఒళ్లు మండింది.

"ఏడ్చింది చాలు గాని, సీసా కడిగి పెట్టు. పొద్దున్నే కావాలి" అని లోపల్నుంచి కేకేసింది పిన్ని.